తగరపల్లి నీలినాల్కమ్మ వెలసిన వైనం

పూర్వం తగరపల్లి అనే మా గ్రామమందు నీలి అద్దకమే వృత్తిగా గల మా కులస్థులు కాపురముండగా, వారందరిలో ముత్తవ్వ అనే విధవరాలి బానలో ముంచిన నూలుకు వచ్చే నెమలికంఠపు వన్నె మరి ఏ ఇంటి బానలోనూ వచ్చేది కాదు. దొరల గడీలకు, దేవుని పల్లకీ తెరలకు ఆమె నూలే పోయేది. ఇది చూచి కులపెద్ద లింబయ్యకు కడుపు మండేది. పెద్దవాడు గదా అని నేను దాచను.

నీలిబాన పులిస్తేనే రంగు పుడుతుంది. పులియక చెడితే బాన చచ్చినదంటాము. అట్లా చచ్చినప్పుడు ఇంటి యజమాని ఒక వింత అబద్ధం పుట్టించి ఊళ్ళోకి వదలడం, అది నలుగురి నోళ్ళు తిరిగి తన చెవిన పడితే బాన బ్రతుకునని నమ్మడం ఆనాటి ఆచారము. చేప ఏనుగును మింగెననో, కోడి దూడను ఈనెననో చెప్పి నవ్వుకొనేవారు. మనిషి పేరు మాత్రం ఎత్తరాదని కట్టడి ఉండెను. తన బాన చచ్చిననాడు లింబయ్య ఆ కట్టడి తప్పి, "ముత్తవ్వ బాణామతి చేసి నా బానను చంపింది" అని వదిలినాడు.

పొద్దెక్కేసరికి ఆ మాట వీధులన్నీ తిరిగెను. ఒకరి పిల్ల జ్వరం, ఒకరి బర్రె పాలివ్వకపోవడం, అన్నీ ముత్తవ్వ చేసిన పనులే అయినవి. ఒకామెను చూచి ఒకామె, బాణామతి తగిలినదని ఆడవాళ్ళు కుక్కలవలె మొరుగసాగిరి. మంత్రం పలుకకుండా పళ్ళు ఊడబీకాలని పటకారు తెచ్చి, ఆమెను లింబయ్య వాకిట నిలబెట్టినారు.

"పీకుదురు గాని, ముందుగాల ఈ మాట నీకెవరు చెప్పినరే, సాయవ్వా?" అని ముత్తవ్వ గుంపులోని ఒకామెను అడిగెను.

"మా వదినె చెప్పింది."

"వదినెకు?"

"నాకు మా మామ చెప్పిండు!"

అట్లా ఒకరినొకరు చూపుకొంటూ పోగా వేలు లింబయ్య మీద నిలిచెను. అబద్ధమని ఒప్పుకొంటే బాన మళ్ళీ బ్రతకదని ఆయన నోరు మెదపలేదు. బాన కొరకు మనిషిని చంపుకొనే బుద్ధి!

"ఏం బావా, నోట్లె బెల్లం పెట్టుకున్నవా?" అని ముత్తవ్వ బానకు మొక్కి, "తల్లీ, నేను చేసినదైతే నా చెయ్యి కుళ్ళిపోవాలె. లేకుంటే ఆడిన నాలుక నువ్వే చూపించు" అని ఆ చచ్చిన బానలోనే మోచేతి దాకా ముంచెను. చేయి రవ్వంత రంగు అంటక వచ్చెను. లింబయ్య నాలుక నీలమయ్యెను. ఆ మాట మోసిన ప్రతి నాలుకా నీలమయ్యెను. మొరిగే నోళ్ళు తెరిచినవి తెరిచినట్టే నిలిచిపోగా, పటకారు పట్టినవాడు తన నాలుక తానే పట్టి చూచుకొన్నాడు.

"తప్పయింది అవ్వా, ఈ రంగు పోగొట్టు" అని అందరూ కాళ్ళమీద పడిరి.

"రుద్దుకోండ్రి. మీ నీలి సంగతి నాకు తెల్వదు, నా నీలి వెలిసిపోదు" అని ఆమె ఇంటికి పోయి తన బాన కలుపుకొన్నది. క్షమించలేదు. ఎందుకు క్షమించాలె?

నాటినుండి మా ఊళ్ళో బాన చస్తే పారబోస్తాము గాని అబద్ధం ఆడము. పొరుగూరివారు నష్టమంటారు, అననియ్యండి. లింబయ్య వాకిట ఆమె నిలిచిన బండ ఆనాడే నీలమై నేటికీ అట్లానే ఉన్నది, దానినే నీలినాల్కమ్మగా కొలుస్తున్నాము. జాతరనాడు మొక్కవచ్చినవారు ఎంతటివారైనా ముందు నాలుక చాపాలె. ముత్తవ్వ వంశంవాళ్ళము మేమే చూచి లోపలికి విడుస్తాము. లింబయ్య సంతతివారిని మాత్రం, ఎండలోకి తిప్పి మరీ చూస్తాము.