మచ్చలేని తీగ

వేదవల్లి గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. అతిశీతల ప్రయోగశాలలో ఆవిడ దగ్గర పరిశోధన చేసే మా అందరికీ ఇది అనుభవమే. అయినా ఆ రోజు ధనుంజయ ఉండబట్టలేక అడిగేశాడు.

"మేడమ్, ద్రవ హీలియంలో ముంచితే నా తీగకి నిరోధమే ఉండదు. తీరా అయస్కాంతం మధ్యన పెట్టి కరెంటు కాస్త పెంచగానే నిరోధం తిరిగొచ్చి చేతులెత్తేస్తోంది. ఇంతకన్నా శుద్ధంగా ఎలా చెయ్యమంటారు?"

అతని గోడు న్యాయమైనదే. సాయంత్రం పరీక్షలోనూ తీగ ఓడితే, పెద్ద అయస్కాంతానికి చుట్ట కట్టే పని వేరే బృందానికి పోతుంది. ఏళ్ల శ్రమ గంగలో కలుస్తుంది. పాపం, అతను చేసిన లోటేముంది? చలి తగ్గినా, అయస్కాంతం బలం పెరిగినా తీగ మోయగల కరెంటు తగ్గుతుందని ఆ రెండూ పదేపదే సరిచూసుకున్నాడు. సన్నగా లాగిన తీగని కొలిమిలో పెట్టి, లాగడంలో లోహం లోపల పడ్డ నలుగుళ్లన్నీ పోయేదాకా కాల్చి పసిపాపలా సాకాడు.

మేడమ్ ఆ తీగ అందుకుని, ఇరుకు రంధ్రాల్లోంచి, వేడి చెయ్యకుండానే, ఇంకా సన్నగా లాగించారు. తీగ బిరుసెక్కింది. ధనుంజయ అలవాటు కొద్దీ కొలిమి తలుపు తీస్తే ఆవిడ మూసేశారు.

"అయ్యో, లోపలంతా నలిగిపోయి ఉంటుంది మేడమ్!"

"ఉండనీ. అలాగే ముంచు."

సాయంత్రం అందరం ఊపిరి బిగబట్టి చూశాం. కరెంటు పెరిగింది. తీగ ఇదివరకు ఓడిన చోటు దాటింది, చుట్టకి కావలసిన హద్దూ దాటింది, ఇంకా ఎక్కుతూనే ఉంది. తీగ తొణకలేదు. గదంతా కేకలు, చప్పట్లు! చుట్ట కట్టే పని మాదే అయింది. ధనుంజయ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలియలేదు.

తర్వాత తనే విడమరిచి చెప్పాడు. అయస్కాంత బలం తీగలోకి సన్నటి పోగులుగా చొరబడుతుందట. కరెంటు వాటిని తోస్తుంది, అవి కదిలితే వేడి పుట్టి తీగ ఓడుతుంది. లోపలి నలుగుళ్లే వాటిని కదలనివ్వకుండా పట్టి ఉంచాయి.

"మరి ఇన్నాళ్లూ కొలిమిలో నేను చేసిందేమిటి మేడమ్?" అన్నాడు చివరికి.

వేదవల్లి గారు కళ్లజోడు తుడుచుకుంటూ నవ్వారు.

"సాయానికొచ్చిన వాళ్లని ఏరి ఏరి వెళ్లగొట్టావు."