ఉప్పెన నేల మీద నిలిచిన రోజు

అనగనగా ఒక రేవు పట్నంలో, నూకాలు అనే జాలరి పడుచు దగ్గర సరిగ్గా అరవై ఎండుచేప ముక్కలు ఉండేవి. అవే పెట్టుబడిగా ఆమె ఒక పనికి పూనుకుంది.

ఆ పట్నంలో పేరిశెట్టి గాజుల వ్యాపారి. ఆయన కుక్క పేరు ఉప్పెన. అంగడికి ఎవరొచ్చినా ఎగిరి మీద పడేది. వాళ్ల చేతుల్లోని గాజులు భళ్లున పగిలేవి. మూడు రోజుల్లో రాణిగారు గాజులు తొడిగించుకోవడానికి రానున్నారు.

"ఈలోగా ఇది మారకపోతే పడవెక్కించి ఎవరూ లేని లంకలో వదిలేస్తాను" అన్నాడు శెట్టి.

అప్పటికే ఒకడు బెత్తంతో వచ్చాడు. బెత్తం కనబడినంతసేపూ ఉప్పెన మంచం కింద దాక్కుంది. అతను వెళ్లగానే ఎగిరింది. ఇంకొకడు తాడుతో కట్టేశాడు. విప్పగానే రెండింతలు ఎగిరింది.

మూడో మనిషి నూకాలు. ఆమె నేల మీద చతికిలబడి కుక్కనే అడిగింది. "ఎందుకే అలా ఎగురుతావు?"

"మీ మొహాలు అంత ఎత్తున ఉన్నాయి మరి. కింద బుద్ధిగా కూర్చుంటే నన్నెవరూ చూడరు. ఎగిరితే శెట్టిగారు పేరు పెట్టి పిలుస్తారు."

"అది పిలవడం కాదే, తిట్టడం" అన్నాడు శెట్టి.

"తిట్టయినా నాతోనే కదండీ మాట్లాడేది."



నూకాలు పని మొదలుపెట్టింది. ఉప్పెన ఎగిరితే వీపు తిప్పి ఊరకే నిలబడింది. నాలుగు కాళ్లూ నేలను తాకగానే వంగి, నిమిరి, ఒక ముక్క పెట్టింది. మొదటి రోజు ముప్ఫై ముక్కలు అయిపోయాయి.

"ఈ వాసనకు ఊళ్లో పిల్లులన్నీ నా అంగడికే వస్తున్నాయమ్మా" అని శెట్టి ముక్కు మూసుకున్నాడు.

"రేపు ఇరవైతో సరిపెడతాను శెట్టిగారూ." అన్నట్టే సరిపెట్టింది.

మూడో రోజు రాణిగారు వచ్చారు. ఉప్పెన తోక దుమ్మంతా ఊడ్చేస్తోంది, అయినా కూర్చునే ఉంది. రాణిగారు దాని వంక చూడకుండానే దాటిపోయారు. దాని ముందు కాళ్లు ఎగరడానికి పైకి లేవబోయాయి. నూకాలు గడప అవతల ఉంది, చేయి అందదు.

రాణిగారి చేతికి గాజు సగం ఎక్కిస్తున్న శెట్టి ఆగాడు. "ఒక్క క్షణం తల్లీ" అని నేలకు వంగాడు. "ఉప్పెనా, ఎంత బాగా కూర్చున్నావే" అంటూ మెడ నిమిరాడు.

కాళ్లు కుదుటపడ్డాయి. ఆ రోజు ఒక్క గాజూ పగల్లేదు. లంకకు పడవ ఉప్పెన లేకుండానే వెళ్లింది.

రాణిగారు నవ్వి, "మా కోటలో కరిచే కుక్క ఒకటుంది, వస్తావా?" అని నూకాలును అడిగారు.

నూకాలు సంచిలో చూసుకుంది. పది ముక్కలు మిగిలాయి. "కరిచేదానికి వందైనా కావాలి తల్లీ" అని, వల భుజాన వేసుకుని సముద్రం వైపు తిరిగింది.

అల్లరి చేసినప్పుడు మాత్రమే పలకరిస్తే అల్లరే పెరుగుతుంది. బుద్ధిగా ఉన్నప్పుడు పలకరిస్తే బుద్ధి పెరుగుతుంది.