వేషం కడిగిన దొన

పూర్వం నల్లమల అంచున గుండ్లదుర్గమనే చిన్న సంస్థానాన్ని ఓబుళపతి నాయకుడనే పాలెగాడు ఏలుతూ ఉండేవాడు. ఆయన మహా దైవభక్తుడు, అభిషేకం కానిదే పచ్చిగంగ ముట్టనివాడు, అన్నదానానికి చేయి వెనుదీయనివాడు. ఇన్ని సద్గుణాలు మూర్తీభవించిన ఆ ప్రభువుకు కొత్తగా కోటగోడ కట్టించాలనే సంకల్పం పుట్టడమే జనానికి వచ్చిన చిక్కు. ఒడ్డెపల్లెలో రాయి కొట్టుకుని బతికేవారిని ఆడామగా అనకుండా వెట్టికి పట్టించి, రాళ్లదొడ్డిలో పెట్టి తాళం వేయించి, పొద్దున తీసి సాయంకాలం మూయించేవాడు. ఆ వేసవిలో గోడ ఒరిగి ఐదుగురు ప్రాణాలు విడిచారు. వారి వంతు పని వారి పెండ్లాల మీద పడింది, గోడ మాత్రం ఒక్కనాడైనా ఆగలేదు.

అటువంటి రోజుల్లో చెన్నలింగమనే జంగమయ్య తన భార్య మల్లాంబతో కలిసి ఆ ఊరికి వచ్చాడు. అతడు పగటివేషగాడు. మొగానికి రంగు పూసుకుని, ఒకనాడు సోదెమ్మగా, ఒకనాడు పిసినారి షావుకారుగా, ఒకనాడు అర్ధనారీశ్వరుడిగా పట్టపగలు నడివీధిలో తిరిగి జనాన్ని నవ్వించి ఏడిపించే విద్య అది. ఆ విద్యకు పెద్దలు ఏర్పరచిన కట్టుబాట్లు రెండున్నాయి. మొగాన రంగు ఉన్నంతసేపు వేషగాడు ఎంతటివాడిని ఏమన్నా సరే, అతని మీద చేయి వేయకూడదు. తొమ్మిదోనాడు మాత్రం వేషం లేకుండా, తన సొంత మొగంతో వచ్చి, ఏలినవారిని ఒక్క సంభావన అడగవచ్చు, నలుగురి ఎదుట అడిగిన ఆ కోరికను ఎంతటి ప్రభువైనా కాదనరాదు. అయితే రంగు లేని మొగానికి మొదటి కట్టుబాటు రక్ష లేదు, ఈ సంగతి అందరికీ తెలిసిందే.

రంగులు నూరేది మల్లాంబ. ఎర్రని ఇంగిలీకం, పచ్చని హరిదళం, సుద్ద, కాటుక, ఏది ఎంత పాలు కలపాలో ఆమె చేతికి తెలుసు. ఆ దంపతులు ఏడు రోజులు గోడ పక్కగానే వస్తూ పోతూ, దొడ్డిలో ఉన్న జనాన్ని కళ్లారా చూశారు. ఎనిమిదోనాటి ఉదయం చెన్నలింగం ఆమె ముందు కూర్చుని మొగం ఎత్తి, "ఈ పొద్దు నాయకుని వేషం కడతాను మల్లా, రేపు సంభావనగా ఆ దొడ్డి తాళం తీయమని అడుగుతాను" అన్నాడు. ఆమె చేయి ఆగిపోయింది. "అడిగితే ఇస్తాడు. ఇచ్చినాక నిన్ను బతకనిస్తాడా?" అంది. అప్పుడు మల్లాంబ, తన జన్మలో ఎన్నడూ చేయని పని ఒకటి చేసింది. ఇంగిలీకంలో గుగ్గిలం కరిగించి కలిపి, మగనికి చెప్పకుండా అతని మొగం నిండా దట్టంగా పూసింది. అది నీటికి పోయే రంగు కాదు. రంగు పోకపోతే రేపు అడిగే పని ఉండదు, మొగాన ఎరుపుతోనే పొలిమేర దాటించి తీసుకుపోవచ్చని ఆ ఇల్లాలి ఆశ. ఆమెను తప్పు పట్టేవారు ఎవరైనా ఉంటే, వారికి కట్టుకున్నవాడి మీద ప్రేమ అంటే ఏమిటో తెలియదని అనుకోవలసిందే.

ఆనాడు చెన్నలింగం నాయకునిలాగే తలపాగా చుట్టి, నాయకునిలాగే ఎడమకాలు కొంచెం ఈడ్చి నడుస్తూ వచ్చి, గోడ కింద రాయి మీద దర్బారు తీర్చాడు. చచ్చిపోయిన ఐదుగురి పేర్లు ఒక్కొక్కటే పిలిచి, "మా సెలవు లేకుండా ఎవరు చావమన్నార్రా మిమ్మల్ని? గోడ సగం నిలబడి ఉంటే మీరు పడుకుంటారా?" అని గద్దించాడు. జనం పగలబడి నవ్వారు, మేడ మీద కూర్చున్న ఓబుళపతి కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. అంతలో "ఒడ్డె యంగన్న!" అని పిలుపు రాగానే, తట్ట మోస్తున్న యంగన్న పెండ్లాం తిప్పక్క నిలబడిపోయి, "ఉండా సామీ, గోడ కిందనే ఉండా" అని మగని మారుగా పలికింది. ఆ మాటతో వీధిలో నవ్వు ఆగిపోయింది. నాయకుడు లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆ సాయంకాలం మొదలు ఇద్దరు బంట్లు ఆ దంపతుల విడిది ఎదుట కూర్చుని, చెన్నలింగం మొగం వంకే చూస్తూ, రంగు ఎప్పుడు కడుగుతాడా అని కాచుకున్నారు.

కొండరాతిలో సహజంగా ఏర్పడి ఎండాకాలంలో సైతం ఇంకని నీటిగుంటను మా సీమలో దొన అంటారు. తొమ్మిదోనాడు తెల్లవారగానే చెన్నలింగం దుర్గం వెనుక ఉన్న దొనకు వెళ్లి మొగం కడగడం మొదలుపెట్టాడు. ఎరుపు కదలలేదు. ఇసుకతో తోమాడు, పీచుతో రుద్దాడు, చెంపల మీద తోలు లేచి నెత్తురు వచ్చిందే గాని రంగు మాత్రం రాలేదు. తడిమొగంతో మల్లాంబ వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం ఉన్నా ఆమె తట్టుకునేది, కోపం లేదు. "నువ్వు కలిపిన రంగు ఎట్లా పోతుందో నీకే తెలుసు. ఈ మొగంతో పొలిమేర దాటిస్తే దాటుతాను, నీ మాట కాదనను. కానీ ఆ తిప్పక్క పలికినాక, ఇంక నేను ఏ ఊర్లో ఏ వేషం కట్టేది?" అన్నాడు.

మల్లాంబ చాలాసేపు ఆ రాతి మీద అలాగే కూర్చుంది. ఆముదం వెచ్చచేసి పట్టిస్తే గుగ్గిలం వదులుతుంది. ఆ సంగతి ఆమెకు తప్ప అక్కడ ఎవరికీ తెలియదు, ఆమె నోరు విప్పకపోతే మగడు బతుకుతాడు. దొడ్డిలో నలభైమంది ఉన్నారు, వారిలో చంటిబిడ్డల తల్లులున్నారు. ఆమె లేచి, చితుకులు ఏరి నిప్పు రాజేసి, ఆముదం వెచ్చచేసి తెచ్చింది. మగని తల ఒడిలో పెట్టుకుని, నుదుటి నుంచి గడ్డం దాకా తన చేతులతోనే నూనె పట్టించి, పైటకొంగుతో తుడిచి, దొన నీళ్లతో కడిగింది. ఎంతోమంది దేవతలు ఎంతోమందికి వరాలిచ్చినట్లు మన పురాణాలు చెబుతున్నాయి, ఆ తల్లి చేసిన దానం ముందు ఆ వరాలన్నీ తేలికే. ఆమె ఏడుస్తూనే కడిగింది, కడుగుతూనే ఏడ్చింది.

చెన్నలింగం సొంత మొగంతో సభకు వెళ్లి సంభావన అడిగాడు. ఊరంతా చూస్తూ ఉండగా ఓబుళపతి చిరునవ్వు చెదరనీయకుండా తాళం తీయించాడు. నలభైమంది బయటికి వచ్చి, తమను విడిపించినవాడి మొగం దగ్గరగా చూసి, దండం పెట్టుకుని కదిలారు. వాళ్లింకా కొండ దిగక ముందే, దొన దారిలో బంట్లు చెన్నలింగాన్ని పొడిచి చంపారు. మధ్యాహ్నానికల్లా కోట నుంచి చాటింపు వచ్చింది. పగటివేషగాడు ఏదో వేషం వేసుకుని పొద్దున్నే ఊరు విడిచి పోయాడని, దొన దగ్గర పడి ఉన్నవాడు ఎవడో దొంగ అని, దొంగకు సమాధి లేదని, కాదన్నవాడు దొంగకు తోడుదొంగ అని దాని సారాంశం. ఎనిమిది రోజులు ఎనిమిది మొగాలు చూసిన జనానికి తొమ్మిదో మొగం నిజంగా ఎవరిదో చెప్పడానికి నోరు రాలేదు. వారికి తెలియక కాదు, భయం చేత. ఏలినవారు అబద్ధం చెప్పగానే చూసిన కళ్లు చూడలేదనడం ఆ కాలంలోనూ ఉండేది.

మల్లాంబ శవాన్ని దొన అంచుకు చేర్చి, నెత్తురు కడగడానికి నీళ్లలోకి వంగింది. నీటిలో ఆమె మొగం లేదు. రంగు కడిగిన చెన్నలింగం మొగం, తడి ఆరకుండా, చెంపల మీద ఇసుక గీతలతో కనబడింది. ఆమె కేక విని, చాటింపుకు దారిలోనే ఆగిపోయిన నలభైమందిలోంచి తిప్పక్క వెనక్కి వచ్చి తానూ వంగింది. ఆమెకూ ఆ మొగమే కనబడింది. తిప్పక్క అక్కడే కాపలా ఉన్న బంట్ల వైపు తిరిగి, "నేను ఒడ్డె తిప్పక్కను. ఈయన చెన్నలింగయ్య. నేను చూసినాను" అని గట్టిగా చెప్పింది. ఆమె వెనుక ఒకరు, వారి వెనుక మరొకరు, నలభైమందీ వంగి చూసి, తమ పేరు చెప్పి, ఆయన పేరు చెప్పారు. అందరినీ తోడుదొంగలనడానికి బంట్లకు గుండె చాలలేదు. జంగమ ఆచారం ప్రకారం ఆయనను కూర్చుండబెట్టి, ఆయన పేరుతోనే దొన పక్కన సమాధి చేశారు.

నాయకుడికి ఏమైందని వినేవారు అడుగుతారు. కళ్లు పోయాయనో, కుష్ఠు పట్టిందనో చెబితే వినసొంపుగా ఉంటుంది గాని, పెద్దలు మాకు అలా చెప్పలేదు. ఆయన ఇంకో పదకొండేళ్లు సుఖంగా బతికి, వేళకు తిని, మంచం మీదే పోయాడు. మల్లాంబ మాత్రం దొన దగ్గరే ఉండిపోయి, వచ్చినవారి మొగాలు కడుగుతూ ముసలిదై, అక్కడే లింగైక్యం చెందింది. మగని సమాధిని ఆనుకునే ఆమె సమాధి ఉంది, పూజ ముందుగా జరిగేది ఆమెకే.

ఇప్పటికీ వైశాఖ మాసంలో మల్లమ్మ దొన ఉత్సవానికి ఊరి పెద్దలు, పదవుల్లో ఉన్నవారు చెప్పులు విడిచి నేల మీద కూర్చోవాలి. ఆ ఏడు ఊరిలో జరిగిన అన్యాయాన్ని కళ్లారా చూసినవారు ఎవరైనా ఒకరు ఆముదంతో మొగం కడుక్కుని, దొనలోకి వంగి, తమ పేరు చెప్పి, చూసినది చెప్పాలి. నీళ్లలో ఇప్పుడు ఎవరి మొగం వారికే కనబడుతుంది. సాక్షి రానిదే హారతి లేదు, పెద్దలు లేవడానికి వీల్లేదు. కొన్నేళ్ల కిందట చెరువుమట్టి పనుల్లో ఒక కుర్రవాడు చనిపోతే, అతడు అసలు పనికే రాలేదని కాగితాలు పుట్టాయి. ఆ ఏడు ఉత్సవంలో మూడు రోజులు ఎవరూ ముందుకు రాలేదు, పెద్దలు ఎండలో అలాగే కూర్చున్నారు. నాలుగోనాడు బడిలో వంట చేసే బోయ సుంకులమ్మ, పిండి చేతులు చీరకు తుడుచుకుంటూ కొండ ఎక్కి వచ్చి, మొగం కడుక్కుని, నీళ్లలోకి వంగి, తన పేరు చెప్పింది.