బొచ్చె తాతారావు గారి మందు పంక్తి

కొల్లేటి పక్కన ఓ చేపల చెరువు. చెరువు పొడుగునా వెదురు గెడలు పాతి, ఒక్కో గెడకూ ఒక్కో తవుడు సంచి కట్టి ఉంటుంది. సంచి అడుగున చిల్లులు. రైతు మనుషులు పొద్దున్నే పడవ మీద వచ్చి సంచులు కట్టి పోతే, చేపలు చిల్లుల దగ్గర మూతులు పెట్టి లాక్కుని తింటాయి. ఈ భోజనాలకి పెద్ద, బొచ్చె తాతారావు గారు. బొచ్చె చేపకి తల పెద్దదని అందరికీ తెలుసు. ఈయనకి పేరు మీద మోజు అంతకంటే పెద్దది.

"నా చెరువులో పంక్తిభేదం ఉండదు," అని రోజుకి పదిసార్లు అనేవాడు. ఎంత చిన్న సంచి వచ్చినా అందరికీ సమానంగా అందాల్సిందే. ఎవడైనా రెండోసారి మూతి పెడితే తోకతో ఒక్కటిచ్చి వెనక్కి పంపేవాడు. తన న్యాయం గురించి పక్క చెరువుల్లో కూడా చెప్పుకుంటారని ఆయన నమ్మకం. పక్క చెరువుల వాళ్ళకి ఇక్కడో చెరువుందనే తెలీదు, అది వేరే సంగతి.

ఆయన ప్రాణమంతా మాణిక్యం మీద. జానెడు శీలావతి చేపపిల్ల. నా అన్నవాళ్ళు లేకపోతే తన రెక్క కింద పెట్టుకుని పెంచాడు.

ఒకరోజు మాణిక్యం భోజనానికి రాలేదు. వెతికితే ఉత్తరం మూల కనపడింది. పొలుసుల కింద ఎర్రటి పుళ్ళు. పక్కనే ఇంకో ఇద్దరు, వాళ్ళదీ అదే అవస్థ. రైతు మనుషులూ చూసినట్టున్నారు, మర్నాడు ఆ మూల విడిగా ఓ సంచి కట్టారు. గట్టు మీద ఎండకి కూర్చున్న తాబేలు అప్పయ్యమ్మ, ఆ మనుషుల మాటలు విని నీళ్ళలోకి దిగింది.

"ఒరే తాతారావూ, ఆ మూల సంచిలో మందు కలిపారంట. జబ్బు చేసిన ముగ్గురే తినాలంట. ఐదు రోజులు, ఒక్క పూట కూడా మానకూడదు. పుండు ఎండినట్టు కనపడినా ఆపకూడదంట."

"అంతేనా అత్తా? నేను చూసుకుంటాను కదా."

చూసుకునేవాడే. కానీ గెడ మీద నీటికాకి భూషణం రెక్కలు ఆరబెట్టుకుంటూ అంతా విన్నాడు.

"అయ్య బాబోయ్! ఏంటండీ తాతారావు గారూ, ముగ్గురికో సంచా? మిగతా వాళ్ళంతా మీకేం కానివాళ్ళా? అందులోనూ మాణిక్యం మీ పెంపుడు పిల్లాయె. నేనేం అననండి. రేపు జనం అంటారు, అదీ నా భయం."

జనం అనడానికి రేపటిదాకా ఆగలేదు.

"నాకూ నిన్నట్నించి ఒళ్ళంతా దురదగా ఉందండి," అంది ఓ మోసు చేప.

"మందు మంచిదే కదా, ముందే తినేస్తే జబ్బే రాదు!" అన్నాడు ఇంకొకడు.

తాతారావు తల తిరిగిపోయింది. అప్పయ్యమ్మ చెప్పింది సబబుగానే ఉంది. భూషణం అన్నదీ సబబుగానే ఉంది. రెండూ ఎలా సబబవుతాయో ఆయనకి అర్థం కాలేదు. చివరికి అలవాటైన దారే పట్టాడు.

"అందరూ వరసలోకి రండి. మనిషికో మూతెడు!"

"మందు తవుడు కాదురా!" అని అరిచింది అప్పయ్యమ్మ.

"నా పిల్లకి ఎక్కువ పెట్టుకుని నలుగురిలో ఏ మొహం పెట్టుకుని తిరగమంటావత్తా?"

మాణిక్యానికీ మూతెడే దక్కింది. చిత్రంగా మూడో రోజుకి దాని పుళ్ళూ, ఆ ఇద్దరి పుళ్ళూ ఎండాయి. చెరువంతా తాతారావుని పొగిడింది. ఇక రోగం లేదు కదా అని ఆయన ఆ ముగ్గురికీ మందు ఆపేసి, మిగిలిన రెండ్రోజుల సంచీ బాగున్నవాళ్ళకి పంచేశాడు.

పదిహేను రోజులకి పుళ్ళు మళ్ళీ వచ్చాయి. ఈసారి ముప్పై మందికి. మందు సంచి మళ్ళీ వచ్చింది, పంక్తి మళ్ళీ కూర్చుంది. పుళ్ళు మాత్రం ఎండలేదు. తాతారావు సంచిని వాసన చూశాడు. అదే మందు, అదే చేదు. మరి అప్పుడు పనిచేసింది ఇప్పుడెందుకు చెయ్యదు? చిల్లుల్ని లెక్కపెట్టాడు. సంచిని తిట్టాడు. ఏమీ తేలలేదు.

మాణిక్యం మళ్ళీ మూలకి చేరింది. అప్పుడు ఆయనకి నిజంగా భయం పట్టుకుంది. నలుగురూ ఏమనుకున్నా సరేనని అందర్నీ తరిమేసి, సంచి మొత్తం ఆ పిల్లకే అప్పగించాడు. ఐదు రోజులూ పక్కనే కాపలా ఉన్నాడు.

"చేదుగా ఉంది పెదనాన్నా."

"తినమ్మా. నా తల్లివి కదూ, తిను."

తింది. పుండు ఇంకా పెరిగింది. తాతారావు దగ్గరికి వెళ్ళి పుండులోకి తేరిపారా చూశాడు. లోపల్నించి సన్నగా ఏవో గొంతులు.

"ఎవర్రా అది?"

"మేమేనండి, రోగం పురుగులం. కంటికి కనపడంలెండి."

"ఇంత మందు పడుతుంటే చావరేంట్రా మీరు?"

"మొదటిసారి మావాళ్ళు చాలామంది పోయారండి, పాపం. కాస్త గట్టి ప్రాణాలు నలుగురం మిగిలాం. సరిగ్గా అప్పుడే మీరు మందు ఆపేశారు. మా పిల్లలకి మా పోలికే వచ్చింది. రెండోసారీ మీరు చిటికెడు చిటికెడు వడ్డించారు. దాంతో మిగిలిన మెతకవాళ్ళూ పోయారు. ఇప్పుడున్న వాళ్ళని మందేం చెయ్యదండి. మీ మేలు మర్చిపోలేం."

"మీకు నేనెప్పుడు వడ్డించాన్రా?"

"అందరికీ సమానం అన్నారు కదండీ. ఆ అందరి ఒంట్లోనూ మేమున్నాం."

తాతారావు మందు ఆపిన రోజులు లెక్కపెట్టుకోసాగాడు. ఆ తికమకలో ఉండగానే మాణిక్యం ఊపిరాడక మెల్లగా పైకి తేలింది. నీళ్ళ మీద ఓ నీడ పడింది.

"పెదనాన్నా!"

ఆయన ఎగిరేసరికి భూషణం గెడ మీదికి చేరిపోయాడు. గొంతు పైకెత్తి మింగుతున్నాడు.

"ఒరే! సమానంగా పంచమంది నువ్వే కదరా!"

"నేనేనండి. ముగ్గురు బాగైపోతే నాకేం మిగులుతుంది? అందరికీ పంచారు కాబట్టి ఇవాళ ముప్పై మంది తేలుతున్నారు. ధర్మాత్ములండి మీరు, ఆయ్!"

భూషణం కడుపు నిండా తిని ఎగిరిపోయాడు. తాతారావు చాలాసేపు ఆ మూలే తిరిగాడు. చివరికి అప్పయ్యమ్మ దగ్గరికి వచ్చాడు. ఆయన ఏడుస్తున్నాడు.

"నేను ఎవరికీ తక్కువ చెయ్యలేదు కదత్తా. మరి నా పిల్ల ఎందుకు పోయింది? నాకేం అర్థం కావట్లేదు."

"దానికే తక్కువ చేశావురా తాతారావూ," అంది అప్పయ్యమ్మ. "జబ్బు దానిది. ఆ మందంతా దానిది."

తిండి అందరికీ పంచాలి. మందు మాత్రం జబ్బున్నవాళ్ళకే, చెప్పినన్ని రోజులూ పూర్తిగా పెట్టాలి.