తీతువు అరవని సాయంత్రం

అనగనగా ఒక అడవిలో, ఎండలు ముదిరేసరికి ఒకే ఒక్క మడుగు మిగిలేది, పిల్లలూ. వాగులు ఎండిపోయేవి. కుంటలు నెర్రెలు విచ్చేవి. ఆ మడుగులో మాత్రం మోకాలు లోతు నీళ్లుండేవి. దానికి ఒక పక్క గుట్ట, ఇంకో పక్క ఎండిన ఏరు. ఆ రెంటికీ మధ్య నిలువెత్తు రెల్లుగడ్డి.

ఆ మడుగు ఎవరిది? అడవిది. అంటే అందరిదీ. కానీ గుట్ట మీద గుహలో ఉండే చిరుత అలా అనుకోలేదు. "నీళ్లు నావి. తాగాలంటే నా దయ ఉండాలి" అనేది. దాని దయ ఎలా ఉండేదంటే, నీళ్లకు వచ్చిన మందలోంచి తనకు నచ్చినదాన్ని ఎత్తుకుపోయేది. మిగిలినవి తలలు వంచుకుని, గబగబా రెండు గుక్కలు తాగి వెళ్లిపోయేవి.

ఆ ఒడ్డునే, గులకరాళ్ల మధ్య, ఒక తీతువు పిట్ట కాపురం ఉండేది. పొడుగు కాళ్లు, కంటి ముందు ఎర్రటి తోలు, అడవంతా వినబడే గొంతు. తీతువు అరిస్తే కీడని మీరూ వినే ఉంటారు. ఆ అడవిలోనూ అదే మాట. అది అరిచిందంటే ఎవరికో మూడిందని అందరూ నమ్మేవారు. నిజానికి పాపం అది చిరుతను చూసి అరిచేది. ప్రాణం తీసేది చిరుత, పేరు పడేది తీతువుకి. ఎదురుపడితే కుందేలు కూడా మొహం తిప్పుకుని ఇంకో దారిన పోయేది. గుడ్లు పొదిగినా, పిల్లల్ని లేపినా, ఎలా ఉన్నావని అడిగిన వాళ్లు లేరు.

ఒక ఎండాకాలం అడవిదున్నా, ముసలి కణుజూ కలిసి సంఘం పెట్టారు. కణుజు అంటే కొమ్మల్లాంటి కొమ్ములున్న పెద్ద జింక. దున్నకు బలం ఉంది, కణుజుకు ఆలోచన ఉంది. ఒకరినొకరు "అన్నా" అని పిలుచుకునేవారు. అడవంతా వాళ్లను దున్నన్న, కణుజన్న అనేది. ఆ ఇద్దరూ అందరికంటే ముందు వచ్చింది తీతువు దగ్గరికే.

"తీతక్కా, నీ అరుపు కీడు కాదు. మాకు కావలసింది అదే" అన్నాడు కణుజన్న.

"నువ్వు లేకుండా సంఘం లేదక్కా" అన్నాడు దున్నన్న.

తీతువు చుట్టూ చూసింది. అక్కా అని పిలిచింది తననేనా అని దానికి అనుమానం వచ్చింది. ఆ రాత్రి దానికి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

సంఘం పద్ధతి చాలా తేలిక. పొద్దు వాలే వేళకు అందరూ ఒక్కసారే నీళ్లకు రావాలి. పిల్లలూ, చిన్న ప్రాణులూ లోపల ఉండాలి. కొమ్ములున్న వాళ్లు చుట్టూ వలయంగా నిలబడాలి. తీతువు పైన తిరుగుతూ ఉంటుంది. చిరుత కనబడగానే అది ఏ వైపునుంచి వస్తోందో అరిచి చెబుతుంది. కొమ్ములన్నీ ఒక్కసారిగా అటు తిరుగుతాయి.

మొదటిసారి చిరుత వచ్చినప్పుడు ఏమైందో తెలుసా? అన్ని కొమ్ములు తన వైపే చూస్తుంటే దానికి ఎక్కడ దూకాలో తెలియలేదు. కాసేపు తోక ఆడించి, ఆవులించినట్టు నటించి, వెళ్లిపోయింది. ఆ ఎండాకాలం అది ఎలుకలూ కప్పలూ తిని బతికింది. జంతువులు కడుపారా నీళ్లు తాగాయి. అడవిలో అంత మంచి రోజులు అంతకుముందు లేవు, ఆ తర్వాతా రాలేదు.

ఆ రోజుల్లోనే చామంతి అనే చుక్కల జింకకు ఒక పిల్ల పుట్టింది. పేరు చెంగుడు. వాడు నిలబడడం నేర్చుకున్నదే ఆ వలయం లోపల. తీతువు గూటి చుట్టూ గెంతుతూ, "పిన్నీ, పిన్నీ! నువ్వు అరిస్తే అంత పెద్ద దున్న కూడా తిరుగుతుందా?" అని అడిగేవాడు.

"తిరుగుతుందిరా. ఎవరైనా తిరగాల్సిందే" అనేది తీతువు, గొప్పగా. పిన్నీ అన్న ఆ పిలుపు కోసం అది ఎన్ని ఆకాశాలైనా తిరిగేది.

మరి అంత బాగా నడుస్తున్న సంఘానికి ఏం రోగం వచ్చింది? శత్రువు భయపెట్టినప్పుడు కలిసి ఉన్నవాళ్లకు, శత్రువు వెనక్కి తగ్గాక మాట్లాడుకోవడానికి తీరిక దొరికింది.

ఇక చిరుతను ఏం చెయ్యాలన్నది ప్రశ్న.

"ఎంతకాలం ఇలా కాపలా కాసుకుంటూ బతుకుతాం? గుట్ట ఎక్కుదాం. అది గుహలో ఉండగానే బండలు దొర్లించి దారి మూసేద్దాం. ఇప్పుడే!" అన్నాడు దున్నన్న.

"మనం గుట్ట ఎక్కితే పిల్లల్ని ఎవరు చూస్తారు? ముందు ఏటి అవతలి అడవి వాళ్లను కూడగడదాం. బలం పెరిగాక ఎక్కుదాం" అన్నాడు కణుజన్న.

రెండూ మంచి మాటలే. చెప్పిన ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరికీ చిరుత పోవాలనే ఉంది. కూర్చుని మాట్లాడుకుంటే ఒక పూటలో తేలిపోయేది. కానీ మాట్లాడుకున్న కొద్దీ దూరం జరిగారు. కొందరు గుట్టదారి వాళ్లయ్యారు, కొందరు ఏటిదారి వాళ్లయ్యారు. వాళ్లు వీళ్లను పిరికిపందలన్నారు. వీళ్లు వాళ్లను తలకాయ లేని తొందరగాళ్లన్నారు. దున్నన్న కాస్తా "ఆ దున్న" అయ్యాడు, కణుజన్న "ఆ ముసలాడు" అయ్యాడు. గుట్ట వైపు మొలిచిన గడ్డి మేస్తే చాలు, వాడు గుట్టదారి వాడని ముద్ర వేసేవారు. చిరుత ఊసు మాత్రం రోజురోజుకీ తగ్గిపోయింది.

తీతువుకి ఇదేమీ అర్థం కాలేదు. దానికి తెలిసిన పని ఒక్కటే. చూడడం, చెప్పడం.

ఒక సాయంత్రం చిరుత గుట్ట దిగి వచ్చింది. "గుట్ట వైపు! గుట్ట వైపు!" అని అరిచింది తీతువు. కొమ్ములు తిరిగాయి. చిరుత వెళ్లిపోయింది. ఎవరూ సంతోషించలేదు.

"విన్నారా? శత్రువు ఉండేది గుట్ట మీదే. తీతక్క కూడా అదే చెబుతోంది!" అని రంకె వేశాడు దున్నన్న.

ఏటిదారి వాళ్లు తీతువు వైపు అదోలా చూశారు. "ఏమక్కా, ఈమధ్య దున్న వీపు మీద పురుగులు ఏరుకుని తింటున్నావా?" అని ఒక కుర్ర కణుజు ఎగతాళి చేసింది. తీతువు మొహం చిన్నబోయింది.

కొన్నాళ్లకు చిరుత ఎండిన ఏటిలోంచి వచ్చింది. "ఏటి వైపు! ఏటి వైపు!" అని అరిచింది తీతువు. కొమ్ములు తిరిగాయి, కానీ కొంచెం ఆలస్యంగా, కొన్ని మాత్రమే. చిరుత ఆ ఆలస్యాన్ని చూసింది. చూసి వెళ్లిపోయింది.

"చూశారా! గుహ ఖాళీ. అది అడవంతా తిరుగుతోంది. గుట్ట ఎక్కి ఏ దారి మూస్తారు?" అన్నాడు కణుజన్న.

ఈసారి గుట్టదారి వాళ్లు మండిపడ్డారు. తీతువు పరుగున దున్నన్న దగ్గరికి వెళ్లింది. "అన్నా, నేను చూసిందే చెప్పాను. అది ఏటి నుంచే వచ్చింది" అంది.

"చూపుకి కూడా ఒక పక్షం ఉంటుంది, అక్కా" అన్నాడు దున్నన్న. ఆయన కోపంగా కూడా అనలేదు.

మర్నాడు పెద్ద సమావేశం పెట్టారు. ముళ్లపంది అధ్యక్షత వహించింది. చాలాకాలం తర్వాత ఆ రోజు రెండు వర్గాలకూ ఒక మాట కుదిరింది. దేని మీద కుదిరిందో వినండి. తీతువు అరుపు వల్ల సంఘం ఏదో ఒక వైపు మొగ్గుతోందట. అందుకని ఇకమీదట చిరుత కనబడితే అది ముందు దున్నన్నకూ కణుజన్నకూ చెప్పాలి. ఏ వైపు అనాలో ఇద్దరూ ఒప్పుకున్నాకే అరవాలి. అరుపు తీతువుది కాదు, సంఘానిది. మీరితే బహిష్కారం.

చామంతి లేచి నిలబడింది. చెంగుడు దాని పొట్ట కింద నక్కి ఉన్నాడు. "అన్నలూ, మీరిద్దరూ ఒప్పుకునేదాకా చిరుత ఆగుతుందా?" అని అడిగింది.

"అది అమలులో వచ్చే చిన్న ఇబ్బంది, చామంతక్కా. దాని సంగతి వచ్చే సమావేశంలో చూద్దాం" అంది ముళ్లపంది.

ఒప్పుకున్న వాళ్లు తోకలెత్తాలి. ఒక్కొక్కటే తోకలు లేచాయి. చామంతి తోక లేవలేదు. అందరూ తీతువు వైపు చూశారు. ఇది తప్పని దానికి తెలుసు. తోక ఎత్తకపోతే ఏమవుతుందో అదీ తెలుసు. మళ్లీ అక్కా అనే వాళ్లుండరు. మళ్లీ కుందేలు మొహం తిప్పుకుంటుంది. మళ్లీ ఆ గులకరాళ్ల మధ్య ఒంటరి కాపురం. అది కళ్లు మూసుకుని తోక ఎత్తింది.

ఆ సమావేశం తర్వాత చిరుత మళ్లీ వచ్చిన సాయంత్రం ఎర్రగా ఉంది. గాలి లేదు. మడుగు దగ్గర వలయం లేదు. గుట్టదారి వాళ్లు గుట్టకేసి కొమ్ములు పెట్టి నిలబడ్డారు. ఏటిదారి వాళ్లు ఏటికేసి కొమ్ములు పెట్టి నిలబడ్డారు. వీపులు మాత్రం ఒకరివైపు ఒకరు. ఆ రెండు వీపుల వరసల మధ్య పిల్లలు నీళ్లు తాగుతున్నారు. రెల్లుగడ్డి వైపు ఎవరూ లేరు.

తీతువుకి పైనుంచి రెల్లు కదలడం కనబడింది. గాలి లేదు కదా, రెల్లు ఎందుకు కదులుతుంది? పసుపు మీద నల్ల మచ్చలు. చిరుత నేలకు పొట్ట ఆనించి పాకుతోంది. దానికి తిన్నగా ఎదురుగా చెంగుడు, ముందుకాళ్లు నీళ్లలో పెట్టి, తన నీడతో ఆడుకుంటున్నాడు.

అరుపు గొంతుదాకా వచ్చింది. అరవాల్సింది, పిల్లలూ! ఒక్క అరుపు చాలు. కానీ దానికి లేచిన ఆ తోకలన్నీ గుర్తొచ్చాయి. అరుపు మింగేసి, రెక్కలు ముడిచి, రివ్వున దున్నన్న చెవి దగ్గరికి దిగింది.

"అన్నా, చిరుత! రెల్లులో ఉంది!"

"రెల్లులోనా? రెల్లు గుట్ట మొదట్లోంచి మొలిచిందేగా. గుట్ట వైపని అరిచి చెప్పు."

"కణుజన్న ఒప్పుకోవాలి కదన్నా!"

"అయితే ఆ ముసలాణ్ణి ఒప్పించు ముందు."

తీతువు ఇటు ఎగిరింది. "కణుజన్నా, చిరుత! రెల్లులో! చెంగుడికి దగ్గరలో!"

"రెల్లంటే ఏటి తడికి బతికేది. ఏటి వైపని చెప్పాలి. గుట్ట వైపంటే నేను ఒప్పుకోను."

"అన్నా, ఏదో ఒకటి చెప్పండి! మీ కాళ్లు మొక్కుతా!"

"ఏదో ఒకటి చెప్పడానికి ఇది ఆట కాదు, అక్కా. సూత్రం" అన్నాడు కణుజన్న. అవతలినుంచి దున్నన్న, "నేనూ అదే అంటున్నాను!" అని అరిచాడు.

ఆ క్షణంలోనే చెంగుడు తల ఎత్తాడు. రెల్లు రెండుగా చీలింది.

"పిన్నీ!" అన్నాడు వాడు.

అప్పుడు అరిచింది తీతువు. ఏ వైపో చెప్పలేదు, ఉత్త అరుపే అరిచింది. కొమ్ములు తిరిగేసరికి ఒడ్డున తడి అడుగులున్నాయి. చెంగుడు లేడు. చామంతి రెల్లు వైపు పరుగెత్తి, ఆగి, మళ్లీ పరుగెత్తి, చివరికి అక్కడే కూలబడింది.

ఇంత జరిగాకైనా బుద్ధి వచ్చి ఉంటుందని మీరు అనుకుంటారు. నేనూ అలా చెప్పగలిగితే బాగుండేది.

మర్నాడు గుట్టదారి వాళ్లు గుట్ట మొదట్లో రాళ్లు పేర్చి స్తూపం కట్టారు. "గుట్టదారి అమరుడు చెంగుడికి జోహార్లు" అన్నారు. అది చూసి ఏటిదారి వాళ్లు ఏటి ఒడ్డున ఇంకాస్త ఎత్తుగా ఇంకో స్తూపం కట్టారు. "ఏటిదారి అమరుడు చెంగుడికి జోహార్లు" అన్నారు. వాడు ఏ దారి వాడని చామంతిని ఎవరూ అడగలేదు. వాడు ఇంకా తల్లిపాలు కూడా మరవలేదు.

తీతువుని మాత్రం రెండు చోట్లకూ పిలిచారు. "చిరుత ఎటు నుంచి వచ్చిందో నువ్వు చూశావు. అందరి ముందూ చెప్పు" అన్నారు.

"రెల్లులోంచి వచ్చింది" అంది తీతువు. గుట్ట దగ్గరా అదే చెప్పింది, ఏటి దగ్గరా అదే చెప్పింది. రెండు చోట్లా దాన్ని సంఘంలోంచి తీసేశారు.

అది చామంతి దగ్గరికి వెళ్లింది. "అక్కా, నేను అరవలేదు. అరవాల్సింది. అరవలేదు" అని ఏడ్చింది.

చామంతి రెల్లు వైపు చూసింది. "వాడు ఆ నీళ్ల దగ్గర ఎందుకు భయపడలేదో తెలుసా? పైన మా పిన్ని ఉందిలే అనుకున్నాడు" అంది. ఏరు దాటి వెళ్లిపోయింది, మళ్లీ ఎవరికీ కనబడలేదు.

ఆ తర్వాత వలయం ఎప్పుడూ కట్టలేదు. గుట్టదారి వాళ్లలో మళ్లీ రెండు దారులు పుట్టాయి, ఏటిదారి వాళ్లలోనూ పుట్టాయి. చిరుతకు ఎలుకల వేట తప్పింది. ఆ స్తూపాలు దానికి భలే నచ్చాయి. వాటి మీదికెక్కితే మడుగు మొత్తం కనబడుతుంది మరి. పొద్దున్నే గుట్ట దగ్గరి స్తూపం మీద ఎండ కాచుకునేది. సాయంత్రం ఏటి దగ్గరి స్తూపం మీద కూర్చుని, నీళ్లకు ఎవరొస్తారా అని చూసేది.

తీతువు ఇప్పుడు ఎవరినీ అడగదు. చిరుత మీసం కదిలినా అరుస్తుంది. గొంతు బొంగురుపోయేలా అరుస్తుంది. ఆ అరుపు వినగానే జంతువులు ఏం చేస్తాయో తెలుసా? మొహం తిప్పుకుంటాయి.

"పాడు పిట్ట. అది అరిచిందంటే ఎవరికో మూడిందన్నమాట" అనుకుంటూ, ఒక్కొక్కటే, తలలు వంచుకుని నీళ్లకు వెళ్తాయి.

నీతి: ప్రమాదం వస్తోందని చెప్పే గొంతును "నువ్వు ఎవరి వైపు?" అని అడగకూడదు. అడిగినా ఆ గొంతు ఆగకూడదు.