ఆరిపోయిన కర్పూరం

ఇథియోపియాలో కాలేజీ లెక్చరరుగా పనిచేసే దివాకర్ భార్య కాత్యాయని, ఎవరైనా నవ్వుతారేమోనని మనసులో మాట మింగేస్తూ ఉండేది.

ఒకసారి సెలవులకి దివాకర్, కాత్యాయని, ఏడేళ్ల కూతురు తన్వి, వాళ్లని చూడవచ్చిన మరిది సుధీర్ కారులో ఊళ్లు తిరగడానికి బయల్దేరారు. రెండో రోజు పొద్దున్నే చల్లారిన అగ్నిపర్వతం ఒకటి ఎక్కారు. కింద, దాని నోట్లో, పచ్చటి సరస్సు. పైన అంచు మీద ఒక బోర్డు ఉంది: "గాలి లేని రోజు గుంటల్లో కూర్చోవద్దు. విషవాయువు నిలుస్తుంది."

కాత్యాయని దాన్ని రెండుసార్లు చదివింది. చెప్పబోయింది. అప్పటికే సుధీర్ ఈలవేసుకుంటూ క్యారియర్ పట్టుకుని దిగిపోతున్నాడు. ఊరుకుంది.

నీటి ఒడ్డున చాప పట్టేంత గుంట ఉంది. అందులోనే కూర్చున్నారు. పులిహోర గిన్నె తెరిచారు.

కొత్త నీళ్లు కనబడితే పసుపూ కుంకుమా వేసి హారతివ్వడం కాత్యాయనికి అలవాటు. పళ్లెంలో కర్పూరం పెట్టి వెలిగించింది. ఆరిపోయింది. మళ్లీ పుల్ల గీసింది. భగ్గుమని అదీ ఆరిపోయింది.

"గంగమ్మకి నీ హారతి నచ్చలేదు వదినా!" అన్నాడు సుధీర్.

"గాలికి ఆరిందిలే," అన్నాడు దివాకర్.

గాలెక్కడ? ఒడ్డున గడ్డిపోచ కూడా కదలడం లేదు. కాత్యాయని లేచి నిలబడి, తల ఎత్తున ఇంకో పుల్ల గీసింది. నిలకడగా వెలిగింది. మెల్లగా కిందికి దించింది. మోకాళ్ల దాకా రాగానే ఆరిపోయింది.

బోర్డు మీది విషవాయువు గుంటలో అంతవరకూ నిండింది. కూర్చున్న తన్వి తల ఆ ఎత్తులోనే ఉంది.

"అమ్మా, తలనొప్పి. నిద్దరొస్తోంది," అంటూ పిల్ల చాప మీదికి ఒరిగింది.

కాత్యాయని ఆరిన పుల్ల పారేసింది.

"లేవండి. పైకి పదండి."

"తిననీవే బాబూ," అన్నాడు దివాకర్.

"అగ్గిపుల్ల ఆరిందని అన్నం మానేస్తామా?" నవ్వాడు సుధీర్.

"నవ్వండి. పైకొచ్చి నవ్వండి!"

పిల్లని భుజాన వేసుకుంది. పులిహోర గిన్నెని కాలితో తన్నేసింది. పన్నెండేళ్ల కాపురంలో దివాకర్ ఆ గొంతు వినలేదు. లేచి వెనకే నడిచాడు.

సుధీర్ మాత్రం, "మంచి పులిహోర, పాడుచేసింది," అని గొణుక్కుంటూ గిన్నె ఎత్తడానికి వంగాడు. వంగినవాడు లేవలేదు. చాప మీదికి కూలిపోయాడు.

దివాకర్ ఊపిరి బిగబట్టి కిందికి పరుగెత్తాడు. తమ్ముడి చంకల్లో చేతులు వేసి గుంటలోంచి ఈడ్చి, అంచు మీదికి మోసుకొచ్చాడు.

పైన గాలి వీస్తోంది. తన్వి రెండుసార్లు వాంతి చేసుకుని, మంచినీళ్లు అడిగింది. గంట తర్వాత సుధీర్ లేచి కూర్చున్నాడు. బోర్డు వైపు చూశాడు.

"వదినా, ఇది ముందే చదివావా?"

"చదివాను."

"మరి చెప్పొద్దూ?"

"నువ్వు నవ్వుతావని చెప్పలేదు." కాత్యాయని కూతుర్ని ఒడిలోకి లాక్కుంది. "తప్పు నాది కూడా. ఇక మీద చెప్తాను సుధీర్. నువ్వు నవ్వినా చెప్తాను. నలుగురూ నవ్వినా చెప్తాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

నీతి: అపాయం కనబడినప్పుడు నవ్వులపాలైనా సరే, గట్టిగా చెప్పాలి. మింగేసిన మాట ఎవరి ప్రాణాన్నీ కాపాడదు.