కొమ్మ లేని గూళ్లు

ఈతకోన అనే అడవిలో కుందేళ్లు, ఉడుతలు, ముళ్లపందులు, తాబేళ్లు, అడవికోళ్లు, కొండముచ్చులు ఉండేవి. అందరికంటే ఎక్కువగా గిజిగాళ్లు ఉండేవి. అడవి మధ్యలో ఒక వాగు, వాగు ఒడ్డున వరుసగా ఈతచెట్లు. ఆ చెట్ల మట్టల చివర గిజిగాళ్ల గూళ్లు ఆనపకాయల్లా వేలాడుతూ ఉండేవి.

గిజిగాళ్లలో గూడు అల్లేది మగపిట్ట. బాగుందో లేదో చెప్పేది ఆడపిట్ట. అందుకు వాళ్లకొక ఆచారం ఉంది. గూడు సగం అయ్యాక ఆడపిట్ట వచ్చి, దాన్ని ముక్కుతో పట్టుకుని మూడుసార్లు గట్టిగా గుంజుతుంది. నిలిస్తే ఆ గూట్లో కాపురం పెడుతుంది. ఊడితే మగపిట్ట నోరు మూసుకుని మళ్లీ మొదటినుంచి అల్లుకోవాలి. అలిగినా, బతిమాలినా లాభం లేదు.

గుంజడంలో మంగతాయి అనే ఆడపిట్టను మించినవాళ్లు లేరు. ఆమె భర్త పోలయ్య. నిరుడు అతను అల్లిన గూళ్లు రెండు ఊడగొట్టి, మూడోదానికి ఒప్పుకుంది.

"కాస్త మెల్లగా గుంజకూడదటే?" అన్నాడు పోలయ్య ఏడుపు మొహంతో.

"రేపు గాలి మెల్లగా గుంజుతుందా?" అంది మంగతాయి.

ఆ అడవిలోనే దండపాణి అనే కొండముచ్చు ఉండేవాడు. పొడవాటి తోక, దాని మీద పట్టులాంటి జుట్టు. ఆ తోకంటే అతనికి మహా గర్వం.

ఒకరోజు దండపాణి వాగులో నీళ్లు దూకే చోట కూర్చుని తోక దువ్వుకుంటున్నాడు. అక్కడ రెండు బండల మధ్య ఒక దుంగ ఇరుక్కుని, నీటి తాకిడికి గిరగిరా తిరుగుతోంది. ఇంతలో ఒక ముసలి ముళ్లపంది ఒడ్డు మీంచి జారి ఆ దుంగ మీద పడింది. లేచి, మూలుగుతూ ఇంటికి పోయింది. దాని ముళ్లు మాత్రం దుంగలో దిగబడిపోయాయి. తర్వాత ఒక ఈతాకు కొట్టుకొచ్చి ఆ ముళ్లకు తగిలింది. అవతలికి వచ్చేసరికి అది సన్నని పీచు అయిపోయింది!

దండపాణి నోరెళ్లబెట్టాడు. గిజిగాడు అంత పీచు తీయాలంటే పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ముక్కు అరగదీసుకోవాలి.

మర్నాడే గిజిగాళ్లందరినీ పిలిచి చెప్పాడు. "ఈ యంత్రం నేనే కనిపెట్టాను. ఎన్నో రోజులు ఆలోచించాను." ముళ్లపంది మాట ఎత్తనే లేదు. "కాకపోతే ఈ దుంగ మీ చెట్ల దగ్గరికి రాదు. మీరే దీని దగ్గరికి రావాలి. వచ్చి పనిచేస్తే రోజూ కడుపునిండా గింజలు పెడతాను."

వెతుక్కోకుండానే గింజలు వస్తాయంటే ఎవరు కాదంటారు? మగపిట్టలన్నీ వచ్చాయి. వాగు పక్కన పెద్ద పాక లేచింది. పాకలో దండపాణి కొత్త పద్ధతి పెట్టాడు.

"ఒక్కడే గూడంతా అల్లితే నెల పడుతుంది. ఇకమీదట ముడి వేసేవాడు ముడే వేయాలి. బొజ్జ అల్లేవాడు బొజ్జే అల్లాలి. గుమ్మం అల్లేవాడు గుమ్మమే అల్లాలి. పక్కవాడి పని వైపు కన్నెత్తి చూడకూడదు. పాటలు పాడకూడదు. పాడితే పని నెమ్మదిస్తుంది."

వీరాస్వామి అనే అడవికోడికి కూత ఉద్యోగం ఇచ్చాడు. అంతకుముందు వీరాస్వామి సూర్యుణ్ణి చూసి కూసేవాడు. ఇప్పుడు దండపాణి మొహం చూసి కూస్తున్నాడు. ఒక కూతకు రావాలి, ఒక కూతకు తినాలి, ఒక కూతకు పోవాలి. మూడో కూత మాత్రం రోజురోజుకీ ఆలస్యమయ్యేది. ఎందుకని అడిగితే గొంతు బాగాలేదనేవాడు.

రోజుకు వంద గూళ్లు తయారయ్యాయి. అల్లడం రాని ఉడుతలకు కూడా గూళ్లు దొరికాయి. అవి సంబరపడి దండపాణికి పళ్లు తెచ్చి ఇచ్చాయి. చెట్టెక్కలేని కుందేలు ఒక గూడు తీసుకుని టోపీలా నెత్తిన పెట్టుకుంది. తాబేలు కూడా ఒకటి తీసుకుంది.

"నీ వీపు మీదే ఇల్లుంది కదా, నీకెందుకు?" అని అడిగితే, "అందరూ తీసుకుంటున్నారుగా!" అంది.

నెలలు గడిచాయి. ఈతచెట్ల మీద పాట వినపడటం మానేసింది. చీకట్లో పోయి చీకట్లో వచ్చే తండ్రిని చూసి, ఎవరో దొంగపిట్ట అనుకుని పిల్లలు కెవ్వుమనేవి. పోలయ్యకు ముడి వేసే పని పడింది. పొద్దస్తమానం వేసి వేసి అతనికి అదే అలవాటైపోయింది. ఇంటికి వచ్చాక కూడా ఏది కనపడితే దానికి ముడి వేసేవాడు. పిల్లలకు తెచ్చిన పురుగుకూ ముడే.

"ఏమయ్యా, నా తోక ఈతాకుకు ఎందుకు కట్టేశావు?" అని ఒకరోజు మంగతాయి అరిచింది.

"ఏదో వేలాడుతుంటే ముక్కు ఊరుకోలేదే" అన్నాడు పోలయ్య బిక్కమొహం వేసి.

నవ్వొచ్చినా, ఆ పూట మంగతాయికి చాలా దిగులేసింది. తన పెళ్లినాటి పోలయ్య ఇలా ఉండేవాడు కాదు.

వానాకాలం దగ్గరపడింది. ఆడపిట్టలు గుడ్లు పెట్టే రోజులు వచ్చాయి. ఇంటి దగ్గర గూడు అల్లడానికి మగపిట్టలకు తీరిక లేదు. అందరూ పాకలో చేసిన గూళ్లే తెచ్చుకుని చెట్లకు తగిలించుకున్నారు. పోలయ్య కూడా ఒకటి తెచ్చాడు.

మంగతాయి దాన్ని ముక్కుతో పట్టుకుని గుంజింది. మొదటి గుంజుకే గూడు మొత్తం ఆమె మీదికి వచ్చి పడింది. ఆమే, గూడూ కలిసి కింద పొదలో పడ్డారు.

లేచి దులుపుకుని ఆ గూడు అటూ ఇటూ తిప్పి చూసింది. బొజ్జ చిరగలేదు. గుమ్మం చెదరలేదు. ఒక్క ముడీ ఊడలేదు.

"పోలయ్యా, దీన్ని కొమ్మకు కట్టింది ఎవరు?"

పోలయ్య ఆలోచించాడు. "నేను ముడి వేస్తాను. పక్కవాడు బొజ్జ అల్లుతాడు. ఆ పక్కవాడు గుమ్మం... కొమ్మకా? పాకలో కొమ్మ ఎక్కడుందే?"

గిజిగాడు ఎప్పుడు గూడు మొదలుపెట్టినా ముందు కొమ్మను పట్టుకుంటాడు. మట్ట చివర పీచు చుట్టి, బిగించి, అక్కడినుంచి కిందికి అల్లుకుంటూ వస్తాడు. పాకలో గూళ్లు నేల మీద తయారయ్యాయి. కొమ్మకు కట్టే పని ఎవరి వంతుకూ రాలేదు.

మంగతాయి నేరుగా పాకకు వెళ్లింది.

"దండపాణి మామా, నీ గూళ్లకు కొమ్మ లేదు."

"పైన కొక్కెం పెట్టించాను కదమ్మా! తగిలించుకోవడమే."

"గుంజితే ఊడుతోంది."

"గుంజితే ఊడదా మరి? గుంజడం మీ తప్పు. ఇకనుంచి నా గూళ్లను ఎవరూ గుంజకూడదు!"

"మామా, వారం తిరక్కుండా గుడ్లు పెట్టేవాళ్లు నలభైమంది ఆ గూళ్లలో ఉన్నారు. గాలి వస్తే రాలేది గూళ్లు కాదు, మా పిల్లలు!"

పాకలో పని ఆగిపోయింది. మగపిట్టలన్నీ తలలెత్తి చూశాయి. దండపాణికి అది నచ్చలేదు.

"ఇంత పిట్టకు ఇంత నోరా! నాకు సరిపడేంత గూడు చేయండి. అందులో నేనే కూర్చుంటాను. నా బరువు ఆపింది మీ గాలిని ఆపదా?"

మధ్యాహ్నానికల్లా గంపంత గూడు తయారైంది. అందరికీ కనపడాలని దాన్ని వాగు మీదికి వంగిన ఈతచెట్టుకు తగిలించారు. సరిగ్గా కింద దుంగ తిరుగుతోంది. వీరాస్వామి కూసి అడవినంతా పిలిచాడు. దండపాణి గూట్లో కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, తోక బయటికి వేలాడేశాడు. గూడు నిలిచింది. ఉడుతలు చప్పట్లు కొట్టాయి.

"ఒక్కసారి గుంజనా మామా?" అంది మంగతాయి.

"ఒక్కసారేం ఖర్మ, మీ ఆచారం ప్రకారం మూడుసార్లూ గుంజుకో!"

మంగతాయి ఒకసారి గుంజింది. కొక్కెం నున్నటి మట్ట మీద జానెడు జారింది. రెండోసారి గుంజింది. మట్ట చివరికి జారింది. దండపాణి కాలు మీది కాలు దించాడు.

"అమ్మా మంగతాయీ, ఆచారాలు మరీ అంత పట్టింపుగా..."

మూడో గుంజుకు గూడూ, దండపాణీ కలిసి దుంగ మీద పడ్డారు. పీచు తీయడం దుంగ పని. యజమాని ఎవరో దానికేం తెలుసు? నాలుగు చుట్లు తిప్పి అవతల పడేసింది. దండపాణి ఒడ్డుకు పాక్కుంటూ వచ్చేసరికి తోక మీద ఒక్క వెంట్రుక లేదు.

జనంలోంచి ముసలి ముళ్లపంది ముందుకు వచ్చి దుంగను పరీక్షగా చూసింది. "నా ముళ్లే! ఇంకా ఎంత పదునుగా ఉన్నాయో!" అని మురిసిపోయింది.

అడవంతా పగలబడి నవ్వింది. అంతలో నైరుతి మూల ఉరిమింది. నవ్వు టక్కున ఆగిపోయింది. ఆడపిట్టలు తమ గూళ్ల వైపు చూసుకుని వణికిపోయాయి.

మగపిట్టలు ఒక్క ఉదుటున చెట్ల మీదికి ఎగిరాయి. అప్పుడు తెలిసింది అసలు సంగతి. గుమ్మం అల్లేవాడు చక్కటి గుమ్మం అల్లాడు. దాని వెనక ఇల్లు లేదు. బొజ్జ అల్లేవాడు తన చుట్టూ తానే అల్లుకుని లోపల ఇరుక్కుపోయి, "బయట ఎవరున్నారు? తలుపు తీయండి!" అని కేకలు పెట్టాడు. పోలయ్య ఒకే మట్టకు నలభై ముడులు వేశాడు. కింద ఏం కట్టాలో అతనికి తోచలేదు.

"నాకు గూడు రావడం లేదే మంగతాయీ" అన్నాడు. "నిరుడు వచ్చింది. ఇప్పుడు పోయింది."

మంగతాయి అతని పక్కన వాలింది. "ఎక్కడికీ పోలేదు. ఇన్నేళ్లుగా మీ గూళ్లు ఊడగొట్టింది మేమే కదా! ఏది ఎక్కడ ఊడుతుందో మా ఆడవాళ్లకు తెలుసు. ముందు కొమ్మను పట్టుకో. మేం చెబుతాం."

ఎవరో కోపంగా, "ఈ పాపిష్టి దుంగను బండల మధ్య నుంచి పీకి వాగుకు వదిలేద్దాం!" అన్నారు.

"దుంగ ఏం చేసింది? దాని పని అది బాగానే చేస్తోంది" అంది మంగతాయి. "పీచు దాన్నే తీయనివ్వండి. అల్లడం మాత్రం మన చెట్ల మీదే."

ఆడపిట్టలు పక్కన కూర్చుని, "అక్కడ వదులు, ఇక్కడ బిగించు" అని చెప్పాయి. ముడి వేసేవాడు బొజ్జవాడికి ముడి నేర్పాడు. బొజ్జవాడు గుమ్మంవాడికి బొజ్జ నేర్పాడు. పీచుకు కొదవ లేదు కాబట్టి నెల పట్టే పని నాలుగు రోజుల్లో అయింది. అన్నాళ్లూ ఉరుములే గానీ వాన పడలేదు. రెండో రోజు ఎవరో పాట అందుకున్నారు.

అందరికంటే చివర పోలయ్య గూడు తయారైంది. మంగతాయి గుంజింది. ఒకటి. రెండు. పోలయ్య కళ్లు మూసుకున్నాడు. మూడు.

"పై ముడి ఎవరు వేశారు?" అంది.

"నేనే" అన్నాడు భయంగా.

"ఇంత గట్టి ముడి నిరుడు వేయలేదు నువ్వు." ఆమె గూట్లోకి దూరి తల బయటికి పెట్టింది. "లోపలికి రా, తడుస్తావు."

ఆ రాత్రి గాలివాన విరుచుకుపడింది. పాకలో చేసిన ఖాళీ గూళ్లన్నీ రాలి వాగులో కొట్టుకుపోయాయి. కుందేలు టోపీ కూడా పోయింది. చెట్ల మీద అల్లిన గూళ్లు తెల్లారేదాకా ఊగాయి గానీ ఒక్కటీ తెగలేదు. వాటిలో ఆ ఏడు నూటఇరవై పిల్లలు పుట్టాయి.

వానలు వెలిశాక వీరాస్వామి మళ్లీ సూర్యుణ్ణి చూసి కూయడం మొదలుపెట్టాడు. దుంగకు ఈతాకులు అందించే పని దండపాణిది. తనకు వచ్చే పళ్లలో ముళ్లపందికి కూడా వాటా ఇస్తున్నాడు. గాలివానకు పడిపోయిన పాకను తన చేతులతోనే మళ్లీ కట్టుకున్నాడు. కట్టడం అయ్యాక లోపల అడుగుపెట్టలేదు. బోడి తోక వెనక్కి దాచుకుని ఈతచెట్టు కింద నిలబడ్డాడు.

"అమ్మా మంగతాయీ, శ్రమ అనుకోకపోతే ఒకసారి వచ్చి మా పాక స్తంభం గుంజి పోతావా? మూడుసార్లూ గుంజు తల్లీ!"

నీతి: యంత్రం పనిని వేగంగా చేయగలదు, కానీ ఆ పని మొదలూ చివరా తెలిసినవాళ్లనూ, గుంజి చూసి తప్పు చెప్పేవాళ్లనూ పక్కనపెడితే, ఎంత పెద్ద పనైనా కొమ్మ లేని గూడే అవుతుంది.